దుబాసీ గంటల లెక్క

లిఫ్టులు బాగుచేసే కంపెనీ అట,
ఫిన్లాండు నుంచి త్బిలిసీకి వచ్చింది.
కంపెనీ అంటే ఇప్పటికి రైమో అనే ఒక్క మనిషి,
ఒక సూట్‌కేసు, పద్నాలుగు ప్రశ్నల కాగితం.
గంటకి నలభై లారీలకి నన్ను మాట్లాడుకున్నారు
ఆయన నోటికీ మావాళ్ళ చెవికీ మధ్య కూర్చోడానికి.

హోటల్ రెండో అంతస్తులో అద్దె గది.
బల్లమీద నీళ్ళ సీసాలు, ఎవరూ మూత తీయరు.
ఉద్యోగం అడగడానికొచ్చినవాడు దాహం ఒప్పుకోడు.

మొదట తమ్తా వచ్చింది.
ఇరవై నాలుగేళ్ళు, మూడు సర్టిఫికెట్లు,
నాకంటే తేటైన ఇంగ్లీషు.
పదకొండు నిమిషాల్లో ఆఫీసు చూసుకునే పని ఆ పిల్లదైపోయింది.
నేను కిటికీలోంచి
పార్కింగ్ ముసలాయన ఈలవేసి
కారుని అంగుళం అంగుళం వెనక్కి రప్పించడం చూస్తూ
నలభై లారీలూ సంపాదించుకున్నాను.

తర్వాత మల్ఖాజ్.
టై కట్టుకోవడం ఎవరో నేర్పి పంపినట్టున్నారు.
కుర్చీ అంచున కూర్చున్నాడు, మిగతా కుర్చీ ఇంకెవరిదో అన్నట్టు.

పాత ఉద్యోగం ఎందుకు వదిలేశారు?
"నేను వదల్లేదమ్మా. అదే వెళ్ళిపోయింది.
నేను అక్కడే ఉన్నాను."

మీలో ఉన్న బలహీనత?
"ఎడమ మోకాలు."

ఆ గడికి ఏం కావాలో నాకు తెలుసు.
పనిలో పడితే తిండి మరిచిపోతానండీ, అలాంటిదేదో.
నాలుక చివరిదాకా వచ్చింది కూడా.
కానీ దుబాసీకి సొంత నాలుక ఉండకూడదు.
"మోకాలు" అన్నాను.
రైమో రాసుకున్నాడు.

ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని ఎక్కడ చూసుకుంటున్నారు?
నవ్వాడు మల్ఖాజ్.
"గ్ల్దానీలో పదహారంతస్తుల మేడలు,
చిల్లర వేస్తేగానీ కదలని పెట్టెలు.
ముప్ఫయ్యేళ్ళుగా పైకి పోతున్నాను, కిందికొస్తున్నాను.
ఐదేళ్ళకి ఏ అంతస్తులో ఉంటానో
నన్నేం అడుగుతావు, తాడునడుగు."
ఇంగ్లీషులోకి ఎత్తబోతే
మాట ఆరుకీ ఏడుకీ మధ్య ఎక్కడో ఆగిపోయింది.

అప్పుడే బయట హోటల్ లిఫ్టు మూలిగింది.
మల్ఖాజ్ లేచాడు.
సెలవు తీసుకోలేదు, టై సర్దుకోలేదు,
నేరుగా వరండాలోకి పోయి గోడకి చెవి ఆనించాడు.
గోడలకి చెవులుంటాయంటారు,
ఇక్కడ చెవికే ఒక గోడ దొరికింది.
రైమో వెనకే వెళ్ళాడు. ఆయనా చెవి ఆనించాడు.
అప్పుడు చూశాను,
ఆయన కుడిచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు.

లిఫ్టు ఎక్కింది, దిగింది.
మల్ఖాజ్ రెండు వేళ్ళు చూపించాడు.
రైమో తల అడ్డంగా ఊపి మూడు చూపించాడు.
మళ్ళీ ఎక్కింది.
చాలాసేపు విని, రైమో ఒక వేలు మడిచేశాడు.
రెండేమిటో? నెలలా, తీగలా, తప్పులా?
ఎవరూ చెప్పలేదు, నన్ను చెప్పమనీ అడగలేదు.

మళ్ళీ గదిలోకొచ్చారు. ఐదు ప్రశ్నలు మిగిలాయి,
వాటికీ జవాబులొచ్చాయి, అటూ ఇటూ మోశాను.
మల్ఖాజ్ వెళ్ళాక రైమో మార్కులు కూడాడు: అరవై నాలుగు.
హెల్సింకీకి డెబ్భై కావాలి.
మళ్ళీ కూడాడు.
అంకెలకి మొహమాటం లేదు.

పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి,
నావైపు చూడకుండా అడిగాడు:
"మీ భాషలో మోకాలికి ఇంకో అర్థం ఏమైనా ఉందా?"

పందొమ్మిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను.
కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, ఒకసారి పెళ్ళిలో కూడా
ఒక్క మాట కలిపింది లేదు, మింగింది లేదు.

"ఉంది" అన్నాను.
ఏమిటని ఆయన అడగలేదు.

రాత్రి బిల్లు రాస్తూ
వరండాలోని ఆరు నిమిషాలూ తీసేశాను,
అక్కడ నాతో పనిపడలేదు కనక.
ఆ ఒక్క మాటని ఏ గంటలో వేయాలో మాత్రం
ఇంకా తేలలేదు.